రిబ్బనుకు అవతలి కంప్యూటర్లు

సన్మానాలకు వాడే శాలువాల మీద నాకొక ఫిర్యాదు ఉంది. హోసూరులో చలి బాగానే ఉంటుంది. ధనుర్మాసంలో పొద్దున్నే మత్తిగిరి నుంచి స్కూటరు మీద బయలుదేరితే, పశువుల ఫారం దాటేలోపు చెవులు నావి కావనిపిస్తుంది. అలాంటి చోట మనిషికి శాలువా కప్పుతున్నారంటే అందులో కొంచెం వెచ్చదనం ఉండాలని ఆశించడం అత్యాశ కాదు. ఉండదు. జరీ అంచు ఉంటుంది, మెరుపు ఉంటుంది, మెడ దగ్గర దురద ఉంటుంది. పోనీ స్కూటరు తుడుచుకుందామంటే నీళ్ళు పీల్చదు. సీటు మీది మంచునీటిని ఈ పక్క నుంచి ఆ పక్కకు మర్యాదగా జరిపి ఊరుకుంటుంది. చివరికి మా ఆవిడ దాన్ని మిక్సీ మీద కప్పింది. మా ఇంట్లో ఇప్పుడు సన్మానం పొందిన మిక్సీ ఉంది.

పిల్లలకు కంప్యూటరు నేర్పినందుకు నాకు ఆ శాలువా కప్పారు. నేర్పానా లేదా అన్నది వేరే సంగతి. శాలువాకు ఆ పట్టింపు లేదు.

మాది చిత్తూరు వైపు. ఎంసీఏ చదివి, సరిహద్దు దాటి తమిళనాడులోని హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. కొన్నేళ్ళకు ఆ ఆఫీసు నేను లేకుండా కూడా నడవగలనని తెలుసుకుంది. అప్పుడు రాయకోట దారిలో, ఉద్దనపల్లికి దగ్గరగా ఉన్న ఒక బడిలో కంప్యూటరు పంతులునయ్యాను. ఆ బడి ఏదో చెప్పను, జీతం ఇంకా అక్కడి నుంచే వస్తోంది. తెలుగు మాధ్యమంలో ప్లస్ టూ దాకా ఉంది. ప్లస్ టూ అంటే ఆంధ్ర వైపు ఇంటర్ రెండో సంవత్సరం.

నేను చేరినప్పుడు ఆ బడిలో పనిచేసే కంప్యూటరు ఒక్కటే, అది ఆఫీసు గదిలో హాజరు పంపడానికి. పిల్లలకు ప్రోగ్రామింగ్ మాత్రం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. నల్లబల్ల మీద రాస్తారు, పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటారు, కంఠతా పడతారు. పరీక్షలో ప్రోగ్రామే కాదు, అది నడిస్తే ఏమొస్తుందో అది కూడా కింద రాసి చూపిస్తారు. నడిచే అవకాశం ఎప్పుడూ లేదు కాబట్టి తప్పు వచ్చే ప్రమాదమూ లేదు. నూటికి నూరు వచ్చేవి. దాన్ని అక్కడ సెంటం అంటారు. సెంటం వచ్చినవాళ్ళ ఫోటోలు గేటు పక్కన ఫ్లెక్సీలో వేస్తారు. ఆ ఫ్లెక్సీలోని ఒక అబ్బాయిని ఒకసారి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి ఒక లూప్ రాయమన్నాను. చకచకా నోటితో అప్పజెప్పాడు. వేళ్ళు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

అందుకని నా సొంత ల్యాప్‌టాప్ తీసుకుపోవడం మొదలుపెట్టాను. క్లాసంతా దాని చుట్టూ పోగయ్యేది. వెనకవాళ్ళు నా భుజాల మీద గడ్డం ఆనించి చూసేవాళ్ళు. తాకే వంతు వచ్చినవాళ్ళు ముందు కళ్ళకద్దుకుని తర్వాత తాకేవాళ్ళు.

ఆ గుంపులో ఒక అమ్మాయి కళ్ళకద్దుకోలేదు. పొడుగ్గా ఉండేది, మాట తక్కువ. వంతు వచ్చినప్పుడు కూర్చుని, రాయమన్నది రాసేసి, "దీంట్లో నాకు కావాల్సింది రాసుకోవచ్చా సార్?" అని అడిగింది.

"ఏం కావాలి?"

"మా నీళ్ళ వంతు."

వాళ్ళది ఉద్దనపల్లి పక్కన పల్లె. నాయన, ఇద్దరు చిన్నాయనలు. ముగ్గురికీ టమోటా తోటలు, ముగ్గురికీ కలిపి ఒకటే బోరు. మోటారుకు కావాల్సిన కరెంటు ఒక వారం పగలు వస్తుంది, ఒక వారం రాత్రి. మధ్యలో పోతే ఆ వంతు సగం దాటిందా లేదా అని చూస్తారు. దాటకపోతే మర్నాటికి జరుపుతారు. పైగా నడిపి చిన్నాయన మంగళవారం మోటారు ముట్టడు, ఆయనకు అది పడి రాలేదు. అన్నదమ్ములు ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇవాళ నీళ్ళు ఎవరివో మూడిళ్ళకూ పోయి చెప్పే పని ఈ అమ్మాయిది.

"నన్నే ఎందుకు పంపిస్తారో తెల్సునా సార్?" అంది ఒకసారి. "నాకు అబద్ధం చెప్పేకి రాదు. చిన్న చిన్నాయన ఒక తూరి, కరెంటు పోయిందని చెప్పు పాపా, నీకు మిక్చరు కొనిస్తానన్నాడు. చెప్పేకి పోయి నవ్వేసినాను. మిక్చరూ పాయ, వంతూ పాయ."

కండిషన్లకు పుస్తకంలో చెప్పిన ఉదాహరణ ఏమిటంటే, వయసు పద్దెనిమిది దాటితే ఓటు, లేకపోతే లేదు. ఈ అమ్మాయి ఇంటి బోరుకు కండిషను లోపల కండిషను, దాని లోపల మంగళవారం. రోజూ మధ్యాహ్నం తిండి సమయంలో వచ్చి కాసేపు రాసుకుని పోయేది. మిగిలిన సమయంలో చేతివేళ్ళకు అలవాటు పోకుండా, మిఠాయి డబ్బా మూత మీద నా కీబోర్డు చూసి అక్షరాలు గీసుకుంది. కొన్నాళ్ళకు తేదీ ఇస్తే వంతు ఎవరిదో చెప్పింది ఆ ప్రోగ్రాం. మొదటి రోజు చిన్న చిన్నాయనకే రెండుసార్లు ఇచ్చింది. "ఇది గూడా మిక్చరు తినిందేమో" అని తప్పు ఎక్కడుందో వెతుక్కుని తనే దిద్దుకుంది. బడిలో నడిచి, తప్పు చేసి, దిద్దుకున్న మొదటి ప్రోగ్రాం బహుశా అదే.

ఆ అమ్మాయికి కృష్ణగిరిలో కాలేజీకి పోయి కంప్యూటరు చదవాలని ఉంది. అక్క అప్పటికే ఫోను విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో లైను మీద పనిచేస్తోంది. కంపెనీ బస్సు వాళ్ళ పల్లె మలుపు దాకా వచ్చి ఎక్కించుకుపోతుంది. ఈ పిల్ల కూడా పరీక్షలవగానే అదే బస్సెక్కాలని నాయన ఉద్దేశం. మొండి మనిషి కాడు. అమ్మాయి ఏడవకుండా, అలగకుండా, వారాల తరబడి అడిగితే ఒక మాటకు దిగాడు. అది తనే నాకు చెప్పింది.

"కంప్యూటరు చదువు అంటే ఏందో ఒక తూరి నా కండ్లకు చూపించు, దాంతో నువ్వు ఏం చేస్తావో చూస్తాను. సరిపడితే కృష్ణగిరికి పంపిస్తాను, లేదంటే బస్సు ఎక్కు అన్నాడు సార్."

"మా ఇంటికి తీసుకురా, ల్యాప్‌టాప్‌లో చూపిద్దాం" అన్నాను.

"బడిలో చూస్తానన్నాడు. సార్ మిషనులో అయితే అంతా సార్ చేసి పెట్టినాడంటాడు. కంప్యూటరు రూములో, నేనే కూర్చోని చెయ్యాల."

కంప్యూటరు రూము అప్పటికి ఉంది. అదే అసలు కథ.

హోసూరులో ఒక కంపెనీ తమ ఆఫీసులో కొత్తవి కొనుక్కుని, పాత కంప్యూటర్లను మా బడికి దానం చేసింది. వరసగా అట్టపెట్టెలు దిగాయి. హెడ్‌మాస్టరు ఒక గది ఖాళీ చేయించి, సున్నం వేయించి, బల్లలు వేయించి, అట్టపెట్టెలు వాటి మీద పెట్టించి, ద్వారానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టించాడు. ఇదంతా ఒక్క రోజులో జరిగింది. ప్రభుత్వ వేగం గురించి మాట్లాడేవాళ్ళు ఆ రోజు చూసి ఉండాల్సింది.

తర్వాత రిబ్బను కత్తిరించడానికి ముఖ్య అతిథి రావాలి. కంపెనీలో పెద్ద మేనేజరు. ఆయుధపూజకు ముందే వస్తానన్నారు. ఆయుధపూజకు కంపెనీలోనే యంత్రాలన్నింటికీ కుంకుమ పెట్టే పని ఉందని రాలేదు. దీపావళి తర్వాత వస్తానన్నారు. వాళ్ళకు ఆడిట్ వచ్చింది. ఆడిట్ అయ్యేసరికి మాకు ధనుర్మాసం వచ్చింది, అందులో శుభకార్యం చేయకూడదన్నాడు హెడ్‌మాస్టరు.

మొదటి నెలలోనే ఆయన దగ్గరికి పోయాను. "సార్, రిబ్బను అట్లనే ఉండనీండి. పిల్లలు వంగి లోపలికి పోతారు. ఎవురూ కత్తిరించరు."

"ముట్టుకున్నది మళ్ళీ ఎట్ల తెరిపిస్తావప్పా? ఎంగిలి చేసి వడ్డించినట్ల."

"ముట్టుకోకుండా ఎట్ల నేర్చుకుంటారు సార్?"

"ఇన్నేండ్లు ముట్టుకోకనే సెంటం తెచ్చినారు గదప్పా."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

నన్ను చూసి జాలిపడో ఏమో, పిల్లలు అభ్యాసం చేసుకోవడానికి వరండా గోడ మీద పెద్ద కీబోర్డు బొమ్మ వేయించాడు. వేసింది పార్టీల గుర్తులు వేసే పెయింటరు. చూసి వేయమని నా ఫోనులో కీబోర్డు ఫోటో ఇచ్చాను. మర్నాడు వచ్చి చూస్తే గోడ మీద ఏబీసీడీలు మొదటి నుంచి చివరి దాకా వరసగా ఉన్నాయి. అక్షరాలు వరస తప్పి ఉంటే ఫోటో తప్పనుకుని, పిల్లలు చెడిపోకూడదని, పాపం సరిచేశాడు. దానికి ఎక్కువ డబ్బు తీసుకోలేదు. హెడ్‌మాస్టరుకు చెబితే, గోడ ఫోటో కృష్ణగిరి విద్యాశాఖ ఆఫీసుకు పోయిందనీ, బాగుందని జవాబు కూడా వచ్చిందనీ, ఇప్పుడు మారిస్తే ముందుది తప్పని ఒప్పుకున్నట్టవుతుందనీ అన్నాడు. ఆరో తరగతి పిల్లలు ఇప్పటికీ రోజూ ఆ గోడ మీద వేళ్ళు ఆడిస్తారు. ప్రపంచంలో ఎక్కడా లేని కీబోర్డు మీద మా ఆరో తరగతికి మంచి వేగం ఉంది.

రిబ్బను ఎరుపు వెలిసి రోజా రంగుకు వచ్చింది. హెడ్‌మాస్టరు హోసూరు నుంచి కొత్తది తెప్పించి మార్చాడు. లోపలి వాటికి లేని మెయింటెనెన్సు రిబ్బనుకు ఉండేది. ఆ అమ్మాయి మాత్రం తిండి సమయంలో నా దగ్గరికి వస్తూ ఆ గది కిటికీ దగ్గర ఒక నిమిషం ఆగి చూసి వచ్చేది.

తై నెల వచ్చాక, అంటే ధనుర్మాసం పోయాక, తేదీ ఖాయమైంది. అమ్మాయి హెడ్‌మాస్టరు దగ్గరికే పోయి, ఆ పొద్దు మా నాయన వచ్చి చూడొచ్చా సార్ అని అడిగింది. సభకు జనం కావాలి కాబట్టి ఆయన సంతోషంగా, "మీ చిన్నాయనలను గూడా తోడుకోని రామ్మా" అన్నాడు. చిన్నాయనలు వస్తే పక్కపక్కన కూర్చోరని ఆయనకు తెలియదు.

ముందు రోజు సాయంత్రం, రిబ్బను కింద నుంచి వంగి లోపలికి పోవడానికి నాకు అనుమతి దొరికింది. అట్టపెట్టెలు విప్పి, తీగలు కలిపి, మొదటిది ఆన్ చేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో, నాకు డిస్కు కనిపించడం లేదు అని రాసింది. రెండోదీ అంతే. ఒక డబ్బా విప్పి చూశాను. దానం ఇచ్చేటప్పుడు కంపెనీ తన లెక్కలూ రహస్యాలూ బయటికి పోకూడదని లోపలి డిస్కులన్నీ ఊడదీసుకుంది. అది వాళ్ళ పద్ధతి, తప్పు పట్టను. పెట్టెలు దిగిన రోజే విప్పి ఉంటే ఒక మాట చెప్పి కొత్త డిస్కులు వేయించుకునేవాళ్ళం. రిబ్బను కట్టి ఉంది కాబట్టి విప్పలేదు. వానాకాలం వెళ్ళి చలికాలం వచ్చేదాకా మేం కాపలా కాసింది ఖాళీ డబ్బాలకు.

హెడ్‌మాస్టరును పిలిచి చూపించాను. ఆయన తెర వైపు చూసి, "ఆ తెల్ల అక్షరాలు బాగలేదప్పా, ఆపెయ్" అన్నాడు.

"రేపటికి ఎట్ల సార్?"

"వాయిదా వేస్తే ఆయన మళ్ళీ ఉగాదికో ఎప్పుడో. నీ ల్యాప్‌టాపు ఉండాది గదా. అతిథి ముందర ఉండే తెరకు తగిలించి, టేబుల్ కింద పెట్టేయ్. గుడ్డ కప్పుదాము. స్వాగతం అని పూలు తిరిగేది ఒకటి పెట్టు."

"పెన్ డ్రైవుతో ఇంకొక్కటి నడుస్తాది సార్. ఆ అమ్మాయి చేసింది చూపిద్దాము. వాళ్ళ నాయన వస్తా ఉండాడు."

"ఒకటి వెలిగి మిగతావి వెలగకపోతే ఫోటోలో తేడా తెలుస్తాదప్పా. అన్నీ ఒకటే మాదిరి ఉండాల."

సమానత్వం గురించి ఆ బడిలో నేను విన్న ఒకే ఒక్క మాట అది.

మర్నాడు ముఖ్య అతిథి వచ్చే ముందు పిల్లలను ఒక్కో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. హెడ్‌మాస్టరు మధ్యలో నిలబడి చెప్పాడు. "సార్ లోపలికి వచ్చినప్పటినించి టైపు చేస్తానే ఉండండి. కిందకి చూడకండి, తెరను చూడండి. కొంచిం నవ్వు మొగం పెట్టుకోండి."

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. "తెర నల్లగా ఉండాది సార్."

"నల్లగా ఉంటే ఏంమ్మా, ఫోటో ఎనకనించి తీసేది లేదు."

అమ్మాయి నా వైపు తిరిగింది. "నా ప్రోగ్రాం యాడ సార్?"

"టేబుల్ కింద" అన్నాను. అది కూడా అక్షరాలా నిజం.

గదిలో అతిథులకే చోటు చాలలేదు. పిల్లల తల్లిదండ్రులను బయట కిటికీల దగ్గర నిలబెట్టారు. ద్వారం వైపు నుంచి చూస్తే తెరల వెనక భాగాలే కనిపించేలా హెడ్‌మాస్టరు బల్లలను జాగ్రత్తగా తిప్పించాడు. కిటికీలను మరచిపోయాడు. అమ్మాయి నాయన తెల్ల చొక్కా, పంచె, భుజాన తువ్వాలుతో వచ్చి, సరిగ్గా కూతురి వెనక కిటికీ కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు.

రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టారు. అతిథి మౌసు నొక్కితే నా ల్యాప్‌టాప్ టేబుల్ కింద నుంచి స్వాగతం చెప్పింది, పూలు తిరిగాయి. పిల్లలందరూ నల్ల తెరల వంక నవ్వుతూ వేళ్ళు ఆడించారు. కొందరు వాన పడ్డట్టు కొట్టారు. ఒకడు మృదంగం వాయించాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. నింపాదిగా కొడుతోంది. మధ్యలో ఆగి, ఆలోచించి, మళ్ళీ కొడుతోంది. కాసేపు ఆమె వేళ్ళనే చూశాక నాకు తెలిసింది. లైను చివర కోలన్, తర్వాత ఎంటర్, తర్వాత స్పేస్ నాలుగుసార్లు. తన ప్రోగ్రామే కొడుతోంది. మొదటి నుంచి, ఒక్కో లైనూ, ఆరిపోయిన దానిలో. మంగళవారం దగ్గర ఒక తప్పు నొక్కి, వెనక్కి పోయి చెరిపి మళ్ళీ కొట్టింది. ఆ గదిలో పని చేస్తున్నది తనొక్కతే.

అతిథి తిరుగుతూ ఆమె దగ్గర ఆగాడు. "ఏం చేస్తున్నావమ్మా?"

"మా నీళ్ళ వంతు సార్."

ఆయన నల్ల తెర వైపు కొంచెం వంగి చూశాడు. "వెరీ గుడ్" అన్నాడు.

తర్వాత ఉపన్యాసం. పల్లె పిల్లల వేళ్ళలో ఆ వేగం చూసి తన కళ్ళు చెమర్చాయన్నాడు. డిస్కుల మాట ఆయనకు తెలియదని నా నమ్మకం. తర్వాత శాలువాలు. ఆయనకు ఒకటి, హెడ్‌మాస్టరుకు ఒకటి, నాకు ఒకటి. ఫోటో తీసే అబ్బాయి శాలువా తీయకండి సార్, ఇంకా ఉంది అన్నాడు. అందుకని ఉంచుకున్నాను.

సభ అవగానే నా ల్యాప్‌టాప్ తీసుకుని ఆ అమ్మాయి నాయన దగ్గరికి పోవాలనుకున్నాను. సార్ మిషను అన్నా సరే, కూతురు చేత ఒక్కసారి నడిపించి చూపించాలి. పిల్లలను బయటికి పంపి వచ్చేలోపు గదికి తాళం పడింది. కొత్త సామాను గదా అని హెడ్‌మాస్టరు స్వయంగా వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని, అతిథితో కారెక్కి హోసూరులో భోజనానికి వెళ్ళిపోయాడు. నా ల్యాప్‌టాప్ గుడ్డ కింద పూలు తిప్పుతూ లోపలే ఉండిపోయింది. ఫోను చేశాను. ఎత్తలేదు.

తండ్రీ కూతుళ్ళు గేటు దగ్గర, బస్సు కోసం నిలబడి ఉన్నారు. అమ్మాయి ఏదో చెబుతోంది. "నిజంగానే కొట్టినాను నాయనా. అంతా. ఒక్క లైను గూడా ఇడ్సలేదు."

"కొట్టినావు పాపా, చూసినాను గదా" అన్నాడాయన. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే బాగుండేది.

నేను పోయి నమస్కారం పెట్టాను. "అన్నా, లోపల తాళం పడింది. ఇంకొక్క దినం రండి. మీ పాప చేసింది నేను చూపిస్తాను. చాలా బాగా చేసింది."

"రేపట్నించి కాయ కోత ఉండాదప్పా, కుదరదు." నా భుజాల మీది జరీ అంచు వైపు ఒకసారి చూశాడు. "పరిచ్చలు అయినాక దాన్ని వాళ్ళక్క తావకే పంపిస్తాను. బస్సు వస్తాది, మిషను తిరుగుతాది."

"నాయనా" అంది అమ్మాయి.

"ఉండు పాపా." మలుపు దగ్గర బస్సు కనిపించింది. ఆయన తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. నా వైపు తిరిగి, వంతు ఎవరిదో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"పుట్టినప్పటినించి దానికి ఉత్తుత్తికి చేసేది రాదప్పా. ఈడికి వచ్చినాకనే నేర్చుకున్నాది."